సొంత ఇంటిని మనమే అలంకరించుకునే ధైర్యం ఎలా వస్తుంది?

తూర్పువాకిలి

అందరికీ నమస్కారం. విజయవాడలో రెండు పడకగదుల ఫ్లాటు కొనుక్కుని మేము గృహప్రవేశం చేసి సరిగ్గా 8 నెలలైంది. ఇల్లు 1,150 చదరపు అడుగులు. వాకిలి తూర్పు వైపు, హాలును ఆనుకుని పడమటి వైపు బాల్కనీ ఉన్నాయి. బిల్డరు వేయించి ఇచ్చిన మీగడ రంగే ఈనాటికీ అన్ని గోడలకూ ఉంది. హాలులో సోఫా, టీపాయ్, టీవీ తప్ప మరేమీ లేవు. కిటికీలకు పాత అద్దె ఇంటి నుంచి తెచ్చిన పొట్టి కర్టెన్లే వేలాడుతున్నాయి. మా అత్తగారు ఇచ్చిన ఏటికొప్పాక బొమ్మలు, మా అమ్మ తన పెళ్లినాటి నుంచి దాచి నాకిచ్చిన కొండపల్లి దశావతారాలు, పెడన వెళ్లినప్పుడు నేను మనసుపడి కొనుక్కున్న కలంకారీ బట్ట, ఇవన్నీ అట్టపెట్టెల్లో లాఫ్టు మీదే ఉండిపోయాయి.

ఇది డబ్బుకు సంబంధించిన ఇబ్బంది కాదు. అలంకరణ కోసమే 60,000 రూపాయలు విడిగా పెట్టుకున్నాము. నాకు ధైర్యం చాలడం లేదు. దుకాణంలో కర్టెన్ బట్ట చేత్తో పట్టుకుని చూసినప్పుడు ఎంతో నచ్చుతుంది. ఇంటికి వచ్చేసరికి అది గోడకు నప్పుతుందో లేదో, వచ్చినవాళ్లు ఏమంటారో అన్న శంక పట్టుకుంటుంది, ఇక ఆ దుకాణం వైపు వెళ్లను.

దీనికి ఒక కారణం ఉంది. 6 ఏళ్ల కిందట అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, ఇంటివారి అనుమతితో మా పడకగదిలో ఒక గోడకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించాను. షేడ్ కార్డు చూసి నేనే ఎంచుకున్నాను. ఒక రాత్రి భోజనాలకు వచ్చిన దగ్గరి బంధువు ఆ గదిలోకి తొంగి చూసి, అందరి ముందూ, "ఇదేమిటి, ఆసుపత్రి గదిలా ఉంది" అన్నారు. మావారు నవ్వి ఊరుకున్నారు. ఆ మాట నేను మరిచిపోలేకపోయాను. ఇప్పుడు మావారు "నీ ఇష్టం, నీకు ఏది బాగుంటే అది చేయి" అంటున్నారు కాని, ఆ మాటతో నా మీద బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు.

రెండు నెలల కిందట ఒక ఇంటీరియర్ సంస్థవారిని పిలిచాము. వారు కొలతలు తీసుకుని, కంప్యూటర్‌లో మా హాలు బొమ్మను చూపించి, 7 లక్షల అంచనా ఇచ్చారు. బొమ్మ చాలా అందంగా ఉంది. అయితే అందులో మా అమ్మ ఇచ్చిన దశావతారాలకు చోటు లేదు. అడిగితే "అవి ఈ డిజైనుకు సరిపోవండి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సొంతంగా ఇల్లు సర్దుకున్నవారిని నేను అడగదలచినది ఇది: మొదటి అడుగు ఎక్కడ వేశారు? మీకు నచ్చినది నిజంగా బాగుందని మీకు మీరే ఎలా నమ్మగలిగారు?

గోదావరిగట్టు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను రాజమహేంద్రవరంలో 31 ఏళ్లు తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నాను. అలంకరణ గురించి చదువుకున్నదాన్ని కాను. కాని మీరు రాసినదాంట్లో ఒక లోటు కనిపించింది, దాన్ని ముందుగా చెప్పాలి. ఆ ఆకుపచ్చ గోడను చూసి మీ బంధువు ఏమన్నారో రాశారు, మీ వారు ఎలా నవ్వారో రాశారు. ఆ గదిలో రోజూ పడుకుని లేచిన మీకు ఆ గోడ ఎలా ఉండేదో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. పరుల మాట ఆరేళ్లపాటు గుర్తుంచుకుని, సొంత కంటికి కనిపించినదాన్ని మరిచిపోవడమే మీ ఇబ్బంది అంతటికీ మూలమని నేను అనుకుంటున్నాను. వీలైతే దానికి జవాబు రాయండి.

ఇక ధైర్యం సంగతి. మా పుట్టింట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. పీటలు, చెక్కపెట్టెలు పేర్చి మెట్లు కట్టి, వాటి మీద మా అమ్మ ఉతికిన తెల్ల పంచె పరిచేది. మెట్లు 5 కాని 7 కాని, ఎప్పుడూ బేసి సంఖ్యే. ఒక బొమ్మను పెట్టేది, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి గడప దగ్గర నిలబడి చూసేది, మళ్లీ వచ్చి ఆ బొమ్మను రెండు వేళ్ల మేర పక్కకు జరిపేది. ఎర్రచీర కట్టిన బొమ్మ పక్కన ఎర్ర గుర్రం వస్తే గుర్రాన్ని కింది మెట్టుకు దించేది. పొడుగు బొమ్మలన్నీ ఒకే వైపు చేరితే అటు వైపు మెట్టు బరువెక్కినట్టు ఉందనేది. అమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో ఆమె ఎవరినీ అడిగి ఎరగదు. బాగుందా అని మమ్మల్ని అడిగిన గుర్తు కూడా లేదు.

అంత నిబ్బరం ఆమెకు ఎలా వచ్చిందని నేను చాలాకాలం ఆలోచించాను. పండుగ వెళ్లగానే కొలువు ఎత్తేస్తారు. ఈ ఏడు సరిగ్గా కుదరకపోతే వచ్చే ఏడు మరోలా పెట్టుకోవచ్చు. వాకిట్లో ముగ్గు కూడా అంతే. మెలిక తప్పితే రేపటికి ఎలాగూ చెరిగిపోతుంది. ఏటా పెట్టి, ఏటా ఎత్తి, పదే పదే చూసి చూసి ఆమె కన్ను తయారైంది. గోడ రంగు, సోఫా, అలమారా వంటివి ఏళ్ల తరబడి ఉండిపోయేవి, ఖర్చుతో కూడినవి కాబట్టి వాటి దగ్గర మనకు చేయి వణుకుతుంది. మీరు మొదటి అడుగే అలాంటి చోట వేయబోయారు. ఎత్తేయడానికి వీలున్న వాటితో మొదలుపెట్టండి.

నా మాట మన్నించి రేపే లాఫ్టు మీది పెట్టెలు దించండి. దశావతారాలను ఒకచోట పెట్టండి. కొత్త షోకేసు కొననక్కరలేదు. గోడ వెంబడి ఒక పొట్టి బల్ల, దాని మీద ఒకే రంగున్న బట్ట చాలు. వెనుక గోడ మీగడ రంగు అన్నారు కదా, కొండపల్లి బొమ్మలకు అది మంచి నేపథ్యమే, ఎందుకంటే ఆ బొమ్మల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ ఉంటాయి, వెనుక మరో రంగు వచ్చి వాటితో పోటీ పడకూడదు. సోఫాలో కూర్చున్నవారి కంటికి కాస్త దిగువగా ఉండే ఎత్తు బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలను వాటితో కలపవద్దని నా సలహా. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చెక్కి రంగులు అద్దినది, దానికి ముఖం, చేతులు, కథ ఉంటాయి. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించినది, నున్నగా, గుండ్రంగా, వెలుతురు పడితే మెరుస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే ఒకదాని అందం మరొకటి తినేస్తుంది. మెరిసేవాటిని కిటికీ దగ్గర పెట్టండి. కొండపల్లి బొమ్మలకు తడిగుడ్డ తగలనివ్వకండి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి.

పెట్టాక మూడు రోజులు ఎవరికీ చూపించకండి, ఎవరినీ అడగకండి. వాకిలి దగ్గర నిలబడి మీరే చూడండి. నాలుగో రోజు ఏదైనా జరపాలనిపిస్తే జరపండి. అలా జరపాలనిపించడమే మీకు కన్ను ఉందనడానికి రుజువు.

రంగులపని

మేడమ్ గారికి నమస్కారం. నేను హనుమకొండలో 22 ఏళ్లుగా పెయింటింగ్ పని చేస్తున్నాను. పైన పెద్దమ్మగారు రాసినది చదివాక మీ ఆకుపచ్చ గోడ గురించి చెప్పాలనిపించింది, ఎందుకంటే అందులో మీ తప్పు చాలా తక్కువ.

షేడ్ కార్డులో రంగు ముక్క రెండు వేళ్లంత ఉంటుంది. దాన్ని దుకాణంలో దీపాల కింద చూసి, 100 చదరపు అడుగుల గోడకు వేస్తాం. గోడంతా పరుచుకున్నప్పుడు ఏ రంగైనా కార్డులో కంటే ఘాటుగా అనిపిస్తుంది, అందుకే నా దగ్గరికి వచ్చినవారికి మీకు నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది కూడా పక్కన వేసి చూడమంటాను. రెండో సంగతి వెలుతురు. మీ బంధువు వచ్చినది రాత్రి భోజనాలకు అన్నారు. ఆ గదిలో తెల్లని ట్యూబ్‌లైటు ఉండి ఉంటుంది. మన ఇళ్లలో వాడే తెల్ల ట్యూబ్‌లైట్లు ఎక్కువగా 6500 కెల్విన్‌వి (కెల్విన్ అంటే వెలుతురు రంగును చెప్పే కొలత), వాటి తెలుపులో నీలి ఛాయ ఉంటుంది. ముదురు ఆకుపచ్చ మీద ఆ వెలుతురు పడితే రంగు చల్లబడి, పాలిపోయినట్టు అయి, నిజంగానే ఆసుపత్రి తెరలా కనిపిస్తుంది. అదే గోడ మీద 3000 కెల్విన్ పసుపు వెలుతురు వేసి ఉంటే ఆ రాత్రి మాట వేరుగా ఉండేది. ఈ అంకె ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద అచ్చు వేసి ఉంటుంది. కాబట్టి రంగు మార్చడానికి ముందు బల్బు మార్చి చూడండి. చదువుకునే చోట, వంటగదిలో 4000 ఉంటే పనికి హాయిగా ఉంటుంది. హాలులో, పడకగదిలో 3000 చాలు.

తర్వాత రంగు నమూనా. కొన్ని కంపెనీలవి 200 మిల్లీలీటర్ల చిన్న డబ్బాలు దొరుకుతాయి, దొరకకపోతే ఒక లీటరు కలిపించండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చదరాన్ని ఒకటి కిటికీ పక్క గోడ మీద, ఇంకొకటి కిటికీకి ఎదురు గోడ మీద వేయండి, ఎందుకంటే ఈ రెండు గోడల మీదా వెలుతురు ఒకేలా పడదు. రెండు కోట్లు, అంటే రెండు పూతలు వేయాలి, ఒక్క కోటు చూసి ఏమీ తేల్చకూడదు. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది, అందుకని ఒక రోజు ఆగండి. ఆ తర్వాత పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి దీపాలు వేశాక చూడండి. మీ హాలుకు పడమటి బాల్కనీ ఉందన్నారు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఎర్రబడి లోపలికి వస్తుంది. ఆ వేళకు పసుపు, నారింజ గోడలు మండుతున్నట్టు ఉంటాయి. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన నీలం కంటికి చల్లగా ఉంటాయి. విజయవాడ ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు.

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు రెండు కోట్లకు దాదాపు 2 లీటర్ల ఎమల్షన్ పడుతుంది. పుట్టీ, ప్రైమరు ముందే ఉన్నాయి కాబట్టి గోడను ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, చిన్న చిన్న గుంటలుంటే పూడ్చి వేయించుకోవచ్చు. ఒక గోడ ఒక రోజు పని. నచ్చకపోతే మళ్లీ ఒక రోజు, మళ్లీ 2 లీటర్లు, పోయేది అంతే. కొత్త భవనం గనుక వేసేముందు బాత్‌రూము వెనుక గోడను, కిటికీ కింది భాగాన్ని చేత్తో తడిమి చూడండి. చెమ్మ కాని, తెల్లని ఉప్పు కాని కనిపిస్తే అది బాగుచేయించే దాకా రంగు వేయించవద్దు, ఎంత మంచి రంగైనా పొక్కులు లేస్తుంది. షేడ్ నంబరును అలమారా తలుపు లోపలి వైపు రాసి పెట్టుకోండి.

ఒక చిన్న మాట. మా అమ్మ బతుకమ్మ పేర్చేటప్పుడు పసుపు తంగేడు వరస మీద రంగులద్దిన గునుగు పూలు పెట్టేది, రెండు ఘాటైన రంగులు పక్కపక్కన వస్తే మధ్యలో రంగద్దని తెల్ల గునుగు ఒక వరస వేసేది. నేను గోడల పనిలోకి వచ్చాక ఎవరింట్లోనైనా రెండు ముదురు రంగులు కావాలని పట్టుబడితే ఇదే చేస్తున్నాను, మధ్యలో ఒక తెల్ల గోడ వదులుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటిది మీరు చూసే ఉంటారు, గుర్తు తెచ్చుకోండి.

సాగరతీరం

నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీల వల్ల 11 ఏళ్లలో 5 అద్దె ఇళ్లు మారాను, ఇప్పుడు విశాఖపట్నంలో ఉన్నాను. నాకు ధైర్యం ఇచ్చినవి పాత వార్తాపత్రికలు. ఏదైనా సామాను కొనాలనుకుంటే దాని పొడవు వెడల్పులు కొలిచి, అంత మేర పత్రికలు అంటించి నేల మీద పరుస్తాను. రెండు రోజులు వాటి చుట్టూనే నడుస్తాను. నడిచే దారికి రెండున్నర నుంచి మూడడుగులు, సోఫాకు టీపాయ్‌కి మధ్య ఒకటిన్నర అడుగు మిగలకపోతే ఆ వస్తువు ఎంత నచ్చినా తీసుకోను. కాకినాడలో ఉన్నప్పుడు ఇలా చూడకుండా ఒక దివాన్ కొని, బాల్కనీ తలుపు సగమే తెరుచుకోగా ఏడాదిన్నర పక్కకు ఒరిగి నడిచాను.

పటాల విషయంలో మనవారిలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ద్వారబంధం పైన, ఏడడుగుల ఎత్తున మేకు కొట్టి, పటాన్ని ముందుకు వంచి కడతారు. దేవుడి పటాలకు, పెద్దల ఫొటోలకు ఆ ఎత్తు మన అలవాటు, దాన్ని నేను కాదనను. చూసి ఆనందించే బొమ్మకు మాత్రం దాని నడిమి భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. మా ఇంటికి వచ్చిన మా బాబాయిగారు పటాలు కిందికి దిగిపోయాయేమని అడిగారు. కాఫీ తాగేలోపు వాటి ముందు రెండుసార్లు నిలబడి చూశారు.

మీ పొట్టి కర్టెన్లు ముందుగా మార్చండి. కడ్డీని కిటికీకి 5, 6 అంగుళాలు పైన బిగించి, ఇరువైపులా అరడుగు చొప్పున పొడిగించి, బట్ట నేలకు అర అంగుళం పైదాకా దిగేలా కుట్టిస్తే గది ఎత్తు పెరిగినట్టు ఉంటుంది. బట్ట వెడల్పు కిటికీకి రెట్టింపు ఉండాలి, లేకపోతే మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. సముద్రానికి దగ్గరగా ఉండేవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఇనుప కడ్డీలు తీసుకోకండి, ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి బట్టకు మరకలవుతాయి.

కొలతపట్టీ

నేను హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని చేస్తాను. మా వృత్తివారి మీద మీకు అపనమ్మకం కలగడం చూసి బాధ కలిగింది, అందుకే రాస్తున్నాను. ఒకరింటికి వెళ్లినప్పుడు మొదట అడగవలసినది "మీ దగ్గర ఏమేమి ఉన్నాయి, వాటిలో వదులుకోలేనివి ఏవి" అన్న ప్రశ్న. మీ ఇంటికి వచ్చినవారు ఆ ప్రశ్న వేయలేదు. తల్లి ఇచ్చిన బొమ్మలు డిజైనుకు సరిపోకపోతే మార్చవలసినది డిజైనునే.

అయితే పైన రాసినవారితో ఒక విషయంలో నేను ఏకీభవించలేను. అన్నీ మెల్లగా, తీరిగ్గా చేయవచ్చన్న ధోరణి మీకు మంచిది కాదు. 8 నెలలు ఆగినవారు మరో 8 నెలలు కూడా ఆగగలరు. ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజుకు హాలు వరకైనా పూర్తి కావాలని ఇంట్లో అందరికీ చెప్పండి. అలాగే, అంతా మీరే చేసుకోవాలన్న పట్టుదల కూడా వద్దు. కొత్త కరెంటు పాయింట్లు, వంటగది గట్టు, నీటి పైపులు, ఫాల్స్ సీలింగ్ వంటివి పని తెలిసినవారి చేతుల్లోనే ఉండాలి, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి గోడ పగలగొట్టవలసి వస్తుంది. రంగు, బట్ట, వెలుతురు, బొమ్మల అమరిక మీ చేతుల్లో ఉంచుకోండి. ఈ గీత గీసుకుంటే మీ భయం సగానికి తగ్గుతుందని నా అనుభవం, ఎందుకంటే దిద్దుకోలేనివేవీ ఇక మీ వంతున మిగలవు.

60,000తో 1,150 చదరపు అడుగులూ నింపాలని చూడకండి. హాలు, మీ పడకగది, ఈ రెండే తీసుకోండి. మొదట కర్టెన్లు, తర్వాత దీపాలు, ఆ తర్వాత ఒకటి రెండు గోడలకు రంగు. కొత్త ఫర్నిచరు ఊసే వద్దు. ఒక 10,000 చివరిదాకా ముట్టుకోకండి, ఏదో ఒకటి మార్చుకోవాలనిపించి తీరుతుంది.

మీ కలంకారీ గురించి ఎవరూ రాయలేదు. సహజమైన రంగులతో అచ్చు వేసిన బట్ట అయితే నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతుంది, అందుకని పడమటి బాల్కనీ ఎండ పడే గోడ మీద వేలాడదీయకండి. పటం కట్టించేటట్లయితే అద్దం బట్టకు తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టమని చెప్పండి. పటం అక్కరలేదనుకుంటే బట్ట పై అంచును మడిచి గొట్టంలా కుట్టించి, అందులో సన్నని కర్ర దూర్చి రెండు కొక్కేలకు తగిలించవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను. అద్దం వెనుక కంటే అలా గాలికి కదులుతున్నప్పుడే కలంకారీ బట్ట బాగుంటుంది, తీసి ఉతుక్కోవడమూ సులువే. చన్నీటిలో విడిగా ఉతికి నీడలో ఆరేయండి.

తూర్పువాకిలి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి, చేసి చూపించాకే రాయాలనుకున్నాను.

ముందుగా గోదావరిగట్టు అమ్మగారు అడిగినదానికి జవాబు. మీరు అడిగాక రెండు రోజులు ఆలోచించాను. ఆ ఆకుపచ్చ గోడ నాకు నచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లవాణ్ణి పడుకోబెట్టి ఆ గోడ వైపు తిరిగి పడుకుంటే మామిడి చెట్టు కింద ఉన్నట్టు ఉండేది. రాత్రి ట్యూబ్‌లైటు వేశాకే అది నాకూ నచ్చేది కాదు, కారణం తెలియక రంగునే తప్పుపట్టుకున్నాను. ఈ సంగతి మావారితో చెబితే, ఆ రాత్రి తాను నవ్వడం గుర్తే లేదన్నారు. ఆ బంధువుకు కూడా గుర్తుండి ఉండదు.

పెట్టెలు దించిన రోజు కొండపల్లి బొమ్మలు చుట్టిన కాగితాలు విప్పుతుంటే కూర్మావతారం ఒక కాలి దగ్గర రంగు లేచి ఉంది. దాన్ని సరిచేయించాలని మొదట అనిపించింది, తర్వాత అలాగే ఉంచేశాను. టీవీకి ఎదురు గోడ వెంబడి పొట్టి బల్ల వేసి, దాని మీద పాత మంగళగిరి చీరను మడిచి పరిచాను. నిండు నీలం, సన్నని జరీ అంచు. పది బొమ్మలనూ వరసగా పెడితే తరగతి గదిలో నిలబెట్టినట్టు ఉంది. వాకిలి దగ్గర నిలబడి చూస్తే, నరసింహుడు, వామనుడు పక్కపక్కన ఉన్నచోట ఎత్తులు కుదరక కన్ను అక్కడే ఆగిపోతోంది. వామనుణ్ణి ఒక చిన్న పీట మీదకు ఎక్కించాను. నాలుగో రోజున వరసనే కొద్దిగా విల్లులా వంచాను. ఎవరినీ అడగలేదు.

కర్టెన్లకు బట్ట తీసుకున్నాను, నార రంగు, నేలదాకా. నేను మానేసిన ఆ దుకాణానికే వెళ్లాను. కలంకారీకి పై అంచు కుట్టించి, భోజనాల బల్ల వెనుక, ఎండ పడని గోడకు తగిలించాను. హాలులో బల్బులు 3000 కెల్విన్‌వి మార్చాము. మొదటి రాత్రి గది మసకగా ఉందని మావారు అన్నారు. సోఫా పక్కన నిలువు దీపం ఒకటి పెట్టాక ఆ మాట మళ్లీ అనలేదు. కొలతపట్టీ గారు చెప్పినట్టు ఒక తేదీ కూడా పెట్టుకున్నాము, వచ్చే నెల 14న మా అమ్మావాళ్లు వస్తున్నారు.

రంగులపని గారికి ఒక మాట. మా పడకగదిలో రెండు చదరాలు వేశాను, రెండూ ఆకుపచ్చే. ఒకటి ఆ పాత ముదురు రంగుకు దగ్గరగా ఉన్నది, ఇంకొకటి దానికంటే ఒక మెట్టు లేతది. కిటికీకి ఎదురుగా కూడా అవే రెండు వేశాను. పొద్దున లేతది బాగుంటోంది, మధ్యాహ్నం రెండూ బాగున్నాయి, రాత్రి పసుపు దీపం కింద ముదురుది లోతుగా, నిండుగా ఉంటోంది. వారం రోజులు చూశాను. ముదురుదే ఖాయం చేశాను. నంబరు అలమారా తలుపు వెనుక రాసుకున్నాను, ఆదివారం పెయింటరు వస్తున్నారు.